తెలుగు డొమైన్ పేర్ల బేరం: గిట్టుబాటు ఎప్పటికి?
పెట్టుబడి వందల్లో.. ఆశ లక్షల్లో
ఏటా కట్టే పునరుద్ధరణ రుసుమే అసలు గండం

రిలయన్స్, డిస్నీ సంస్థల టీవీ వ్యాపారాలు ఒక్కటి కానున్నాయన్న వార్తల నేపథ్యంలో, జియో, హాట్‌స్టార్ అనే రెండు పేర్లను కలిపి ఢిల్లీకి చెందిన ఒక యువకుడు ముందుగానే డొమైన్ పేరు నమోదు చేసుకున్నాడు. విదేశీ విశ్వవిద్యాలయంలో తన చదువుకయ్యే ఖర్చు ఇస్తే ఆ పేరు అప్పగిస్తానని 2024 అక్టోబరులో అతను చేసిన ప్రకటన దేశమంతటా చర్చనీయాంశమైంది. అడిగిన సొమ్ము దాదాపు కోటి రూపాయలు. కంపెనీ ఒప్పుకోలేదు. చట్టపరమైన చర్యలు తప్పవన్న సంకేతాలు వెలువడ్డాయి. పేరు కాస్తా దుబాయ్‌లో ఉంటున్న ఇద్దరు పిల్లల చేతికి వెళ్లింది. వారు దానిని ఉచితంగానే ఇచ్చేస్తామన్నారు. 2025 ఫిబ్రవరి 14న జియోహాట్‌స్టార్ మొదలైంది. మొదట పేరు పట్టుకున్న యువకుడు కోరిన కోటి మాత్రం అతనికి దక్కలేదు.

ఈ ఉదంతంలో చాలామందికి గుర్తున్నది కోటి రూపాయలన్న మాట ఒక్కటే. కొన్ని వందల రూపాయలతో ఒక పేరు కొని పెట్టుకుంటే ఎప్పటికైనా లక్షలు రాకపోవన్న ఆశ పట్టణాల నుంచి మండల కేంద్రాల దాకా పాకింది. పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న పట్టభద్రులు, సెల్‌ఫోన్ దుకాణాల వారు, మీ సేవా కేంద్రాలు నడిపేవారు ఇందులో చేయి పెడుతున్నారు. వీరిలో అధికులు ఎంచుకునేది తెలుగు పదాలనే. ఆంగ్ల పదాలలో మంచివన్నీ పాతికేళ్ల కిందటే అమెరికాలో అమ్ముడైపోయాయని, తెలుగులో ఇంకా బంజరు ఉన్నదని వారి వాదన. ఆ బంజరు ఎప్పటికి సాగులోకి వస్తుందన్నదే తేల్చవలసిన ప్రశ్న.

స్థలం వేరు.. పేరు వేరు

డొమైన్ పేరును ఇంటి స్థలంతో పోల్చి చెప్పడం ఈ వ్యాపారంలో పరిపాటి. ఊరి చివర ప్లాటు కొని వదిలేస్తే రింగు రోడ్డు వచ్చిన నాడు ధర పెరుగుతుంది, ఇదీ అంతే అంటారు. పోలిక వినడానికి బాగున్నా సగం వరకే నిజం. ఒకసారి రిజిస్ట్రేషన్ చేయించుకున్న ప్లాటు పదేళ్లు పట్టించుకోకపోయినా యజమానిదే. డొమైన్ పేరు అలా కాదు. అది అమ్మకం కాదు, ఏడాది ఏడాదికి సాగే కౌలు. రుసుము కట్టడం మానేస్తే డాట్ కామ్ వంటి పేర్లకు కొన్నాళ్లు గడువు, ఆపై అదనపు జరిమానాతో 30 రోజుల విమోచన కాలం ఇస్తారు. తర్వాత 5 రోజులకు పేరు రద్దవుతుంది. ఎవరైనా మళ్లీ నమోదు చేసుకోవచ్చు. అప్పటిదాకా కట్టినదంతా బూడిదలో పోసిన పన్నీరే.

మరొక తేడా కూడా ఉంది. ప్లాటుకు పక్క ఊరివాడు, బంధువు, వడ్డీ వ్యాపారి ఎవరైనా కొనుగోలుదారు కావచ్చు. తెలుగు పదంతో ఉన్న డొమైన్ పేరుకు నిజమైన కొనుగోలుదారులు ఒకరో ఇద్దరో ఉంటారు. ఆ వ్యాపారం చేసేవాడు, ఆ పేరుతోనే చేయాలనుకునేవాడు, అందుకు డబ్బు పెట్టగలిగినవాడు, ఈ మూడూ ఒకే మనిషిలో కలవాలి. ఆ మనిషి కూడా ఈ ఏడాదే రావాలి.

వంద పేర్ల లెక్క

గిట్టుబాటు ఎప్పుడన్నది జోస్యంతో తేలేది కాదు, లెక్కతో తేలవలసినది. ఒక యువకుడు డాట్ ఇన్‌లో వంద పేర్లు పెట్టుకున్నాడనుకుందాం. తొలి ఏడాది ప్రోత్సాహక ధరల కింద వంద, రెండు వందల రూపాయలకే పేర్లు దొరుకుతాయి గనుక భారం తెలియదు. రెండో ఏడాది నుంచి అసలు ధర మొదలవుతుంది. పునరుద్ధరణకు పేరుకు 800 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ వేసుకుంటే 944 రూపాయలు. వంద పేర్లకు ఏడాదికి 94,400 రూపాయలు.

ఇక రాబడి. చేతిలోని పేర్లలో ఏడాదికి నూటికి ఒకటి, మహా అయితే రెండు అమ్ముడవుతాయన్నది ఆంగ్ల పేర్ల విపణిలో ఆరితేరిన వ్యాపారులు చెప్పుకునే మోటు లెక్క. తెలుగు పేర్లకూ అదే వర్తిస్తుందని ఉదారంగా ఒప్పుకుందాం. వందలో ఒకటి అమ్ముడైతే, మధ్యవర్తి సంస్థ కమీషను 20 శాతం పోగా ఖర్చు తిరిగి రావాలంటే ఆ ఒక్క పేరు 1,18,000 రూపాయలకు అమ్మాలి. రెండు అమ్ముడైతే ఒక్కొక్కటి 59,000 రూపాయలు పలకాలి. ఇది లాభం కాదు, కేవలం చేతి సొమ్ము చేతికి రావడం. పూతరేకుల దుకాణదారుడో, పచ్చళ్ల వ్యాపారో ఒక పేరుకు లక్షా పద్దెనిమిది వేలు ఇచ్చే రోజు వచ్చిందా అన్నదే ఇక్కడ పరీక్ష. ఆ సొమ్ముతో అతను ఇంకో గ్రైండరు కొంటాడు, లేదా బస్టాండు దగ్గర బోర్డు పెట్టిస్తాడు.

ఈ పెట్టుబడిని రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన వారి పరిస్థితి మరింత దయనీయం. ఏటా మొదట్లో 94,400 చొప్పున ఐదేళ్లు కట్టి, ఒక్క పేరూ అమ్ముడు కాలేదనుకుంటే అసలు 4,72,000 రూపాయలు. బారువడ్డీ లెక్కనే 3,39,840 రూపాయలు. వెరసి 8,11,840 రూపాయలు. ఆరో ఏట ఒక పేరు ఐదు లక్షలకు అమ్ముడైందని ఊరంతా చెప్పుకున్నా, ఆ యువకుడు నష్టంలోనే ఉన్నాడన్న సంగతి ఎవరికీ తట్టదు. ఈ వ్యాపారంలో అమ్మకాలకు ప్రచారం ఉంటుంది గాని, పునరుద్ధరణలకు ఉండదు.

పేరు అమ్ముడయ్యే లోపు దానిపై ప్రకటనలు పెట్టి రుసుము రాబట్టుకోవడం గతంలో ఒక ఊతంగా ఉండేది. ఖాళీ పేజీలపై ప్రకటనల విషయంలో గూగుల్ 2025లో నిబంధనలు మార్చడంతో ఆ ఊతమూ సన్నగిల్లింది.

తెలుగు లిపిలో ఏం జరిగింది?

తెలుగు డొమైన్ అన్నమాటకు రెండు అర్థాలున్నాయి. మొదటిది తెలుగు లిపిలోనే రాసే చిరునామా. 'డాట్ భారత్' అన్న తోకను తెలుగు సహా పలు భారతీయ లిపుల్లో 2011లో అంతర్జాల మూల వ్యవస్థలో చేర్చారు. దేవనాగరి లిపిలో 2014 ఆగస్టులో నమోదులు మొదలయ్యాయి. మిగతా లిపులు తర్వాత వచ్చాయి. నేడు 22 అధికార భాషలకూ ఈ సదుపాయం ఉంది. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షలు. ఇంత జనం ఉన్న భాషలో ఒక్కో మంచి పదానికి ఎంత గిరాకీ ఉండాలి అని పెట్టుబడిదారులు లెక్క కట్టారు. లెక్క తప్పింది.

కారణాలు వెతకనక్కర లేదు. ఏ బజారులోనైనా దుకాణాల బోర్డులు చూస్తే తెలుస్తుంది. పేరు తెలుగులో, ఫోన్ నంబరు అంకెల్లో, పక్కన చెల్లింపుల క్యూఆర్ కోడ్. చిరునామా టైపు చేసే అలవాటే తగ్గిపోయిన కాలంలో తెలుగు చిరునామా వచ్చింది. ఫోను పట్టుకున్నవాడు దుకాణం పేరు నోటితో చెబితే మ్యాపు దారి చూపుతోంది. వాట్సాప్‌లో సరుకు ఆర్డరు వెళ్లిపోతోంది. మరోవైపు తెలుగు లిపి చిరునామాతో ఈమెయిల్ పెట్టుకుంటే దానిని స్వీకరించని దరఖాస్తు ఫారాలే ఎక్కువ. సాంకేతిక ప్రమాణాలు 2012 నాటికే సిద్ధమైనా అమలు నత్తనడకన సాగుతోంది. తెలుగు, కన్నడ అక్షరాల్లో పోలికలు ఎక్కువ కావడంతో, మోసాలకు తావు లేకుండా ఒక లిపిలో ఇచ్చిన పేరును మరో లిపిలో వేరొకరికి ఇవ్వకుండా చూసే నియమాలూ అవసరమయ్యాయి. రెండు లిపుల్లోనూ పేర్లు పట్టి లాభపడదామనుకున్న వారికి ఆ దారీ మూసుకుపోయింది.

అన్నింటికన్నా పెద్ద దెబ్బ ప్రోత్సాహం రూపంలోనే తగిలింది. డాట్ ఇన్ రిజిస్ట్రీని నడిపే 'నిక్సీ' 2020 చివర్లో, డాట్ ఇన్ పేరు కొన్నవారికి నచ్చిన భారతీయ భాషలో డాట్ భారత్ పేరు ఉచితంగా ఇచ్చే పథకం ప్రకటించింది. భాషకు అది మేలే. కానీ ఉచితంగా దొరుకుతున్న సరుకును మారుబేరానికి కొనేవారెవరు?

రష్యా చెప్పే పాఠం

సొంత లిపి చిరునామాలకు ప్రపంచంలో అనుకూలమైన దేశం ఏదైనా ఉందంటే అది రష్యా. లాటిన్ అక్షరాలతో అంతగా పనిలేని జనం, గట్టి దేశీయ అంతర్జాల కంపెనీలు, ప్రభుత్వ అండ అన్నీ ఉన్నాయి. రష్యా సమాఖ్యకు సిరిలిక్ లిపిలో కేటాయించిన తోక 2010 నవంబరు 11న అందరికీ అందుబాటులోకి రాగా, తొలి రోజే రెండు లక్షలకు పైగా పేర్లు నమోదయ్యాయి. వాటిలో మారుబేరం కోసం పట్టినవే ఎక్కువన్నది పునరుద్ధరణ గడువు వచ్చేసరికి బయటపడింది. ఉత్సాహం చల్లారింది. లాటిన్ లిపిలోని డాట్ ఆర్‌యూ పేర్లు ఏభై లక్షల స్థాయిలో ఉండగా, సొంత లిపి పేర్లు అందులో ఐదో వంతుకు కూడా చేరలేదు. పదిహేనేళ్లకు అక్కడే పరిస్థితి ఇది అయినప్పుడు, తెలుగు లిపి పేర్లు ఐదేళ్లలోపు గిట్టుబాటు అవుతాయని నమ్మడానికి ఆధారం కనిపించదు.

అదృష్టం తలుపు తట్టిన చోట

అలాగని ఈ వ్యాపారం మొత్తం మాయే అనడానికీ లేదు. కరీబియన్ సముద్రంలో ఆంగ్విలా అనే చిన్న దీవి ఉంది. జనాభా పదిహేను వేల పైచిలుకు, అంటే మన మేజర్ పంచాయతీ అంత. దానికి 1995లో కేటాయించిన తోక 'డాట్ ఏఐ'. అది కృత్రిమ మేధకు ఆంగ్ల సంక్షిప్త నామం కావడం కేవలం కాకతాళీయం. పాతికేళ్లకు పైగా ఆ తోక సాధారణంగానే నడిచింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదల కావడంతో దశ తిరిగింది. 2022లో 1,44,000గా ఉన్న నమోదులు 2023లో 3,54,000కు చేరాయి. ఆ ఏడాది దీవి ప్రభుత్వానికి వీటి ద్వారా సుమారు 3 కోట్ల 20 లక్షల డాలర్ల రాబడి వచ్చింది. సర్కారు మొత్తం ఆదాయంలో ఇది ఐదో వంతుకు పైమాటే. మారుబేరగాళ్లూ బాగుపడ్డారు. డాట్ ఏఐలోని ఒక పేరు 2023లో 7 లక్షల డాలర్లు పలికింది.

ఇక్కడ గమనించవలసినది కాలం. 1995లో పట్టుకున్నవాడు 27 ఏళ్లు రుసుము కట్టి ఉండాలి. 2021లో పట్టుకున్నవాడికి రెండేళ్లలో ఫలితం వచ్చింది. ఇద్దరికీ తేడా తెలివితేటల్లో లేదు. బయట జరిగిన ఒక మార్పు ధరను నిర్ణయించింది. అది ఎప్పుడు జరుగుతుందో దీవి ప్రభుత్వానికే తెలియదు.

దీనికి భిన్నమైనది చైనా ఉదంతం. ఆంగ్ల అచ్చులు, 'వి' అక్షరం లేని నాలుగక్షరాల డాట్ కామ్ పేర్లను 2015 చివర్లో అక్కడి పెట్టుబడిదారులు ఎగబడి కొన్నారు. వారాల్లో ధరలు రెట్టింపయ్యాయి. ఆ పేర్లతో వెబ్‌సైటు పెట్టిన వ్యాపారి మాత్రం అరుదు. ఒక మారుబేరగాడి నుంచి మరొకడు కొన్నాడు, వాడి నుంచి ఇంకొకడు. 2016లో ధరలు కూలాయి. చివరగా కొన్నవారు మునిగారు. వినియోగదారుడు లేని విపణిలో లాభం కనిపించినా అది పేకాటలో చేతులు మారే డబ్బు వంటిదే.

ఆంగ్ల అక్షరాల్లో తెలుగు మాట

తెలుగు డొమైన్‌కు రెండో అర్థం, ఆంగ్ల అక్షరాల్లో రాసిన తెలుగు పదం. కాస్తోకూస్తో ఆశ ఉన్నది ఇక్కడే. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి పచ్చళ్లు, పిండివంటలు, పూతరేకులు అమెరికా, ఆస్ట్రేలియాల్లోని తెలుగు కుటుంబాలకు పార్సిళ్లుగా వెళ్తున్నాయి. అక్కడి కొనుగోలుదారుడు బజారుకు వచ్చి బోర్డు చూడలేడు. అతనికి వెబ్‌సైటే దుకాణం. ఇటువంటి వ్యాపారికి నోటికి తేలిగ్గా ఉండే పేరు మీద ఖర్చు పెట్టవలసిన అవసరం నిజంగానే ఉంది.

చిక్కేమిటంటే, పచ్చడి అన్న మాటను ఆంగ్ల అక్షరాల్లో ఒకరు ఒక రకంగా రాస్తే మరొకరు ఇంకో రకంగా రాస్తారు. ద్విత్వాలు, దీర్ఘాలు, ఒత్తులు ఎవరి అలవాటు వారిది. ఒక పేరు ధర అడిగితే వ్యాపారి ఇంకో అక్షరం చేర్చి వేరే పేరును వెయ్యి రూపాయలకే కొత్తగా నమోదు చేసుకుంటాడు. 'మన', 'ఇల్లు', 'రుచి' వంటి మాటల్ని ముందో వెనుకో తగిలిస్తే పని జరిగిపోతుంది. అందుకే ఈ విభాగంలో ఒకే వర్ణక్రమం స్థిరపడిన పొట్టి పదాలకు, ఊరి పేర్లకు తప్ప ధర పలికే అవకాశం లేదు. ఇటువంటివి పది, ఇరవై చేతిలో ఉన్నవారికి ఏడాది ఖర్చు 10 నుంచి 20 వేలు దాటదు. మూడు నాలుగేళ్లకు ఒక పేరు లక్ష రూపాయలకు పోయినా గట్టెక్కుతారు. వంద పేర్లవాడికి గిట్టనిది ఇరవై పేర్లవాడికి గిట్టడం ఇందువల్లనే.

చట్టం ఏమంటున్నది?

పేరున్న సంస్థల పేర్లను పట్టి బేరం పెట్టడం వ్యాపారం కాదు, వివాదం. ఈ విషయంలో దేశానికే దారి చూపిన తీర్పు హైదరాబాదులో పుట్టిన సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థదే కావడం విశేషం. సత్యం ఇన్ఫోవే తన పేరులోని అక్షరాలతో కూర్చుకున్న 'సిఫీ' అన్న మాటను పోలిన చిరునామాలను బెంగళూరుకు చెందిన మరో సంస్థ వాడుకోగా, వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. డొమైన్ పేరుకు కూడా వాణిజ్య చిహ్నానికి ఉండే రక్షణ వర్తిస్తుందని 2004 మేలో న్యాయస్థానం స్పష్టం చేసింది. డాట్ ఇన్ పేర్లపై తగాదాలకు 2005 నుంచి ప్రత్యేక మధ్యవర్తిత్వ విధానం అమల్లో ఉంది. దుర్బుద్ధితో పట్టిన పేరని తేలితే పైసా ఇవ్వకుండా హక్కుదారుకు బదలాయిస్తారు. తిరుమల దేవస్థానం సేవల పేరిట నకిలీ వెబ్‌సైట్లపై టీటీడీ పలుమార్లు ఫిర్యాదు చేసిన సంగతి విదితమే. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కినందున ఆ పేరు జోలికి వెళ్లేవారూ ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

విధానపరమైన మార్పులు కూడా బేరానికి వీల్లేని పేర్ల పరిధిని పెంచుతున్నాయి. సైబర్ మోసాల కట్టడికి బ్యాంకులన్నీ 'బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాలకు మారాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించి, అక్టోబరు 31 గడువుగా పెట్టింది. వాటి నమోదు బాధ్యత హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీకే పరిమితం. అర్బన్ బ్యాంకులు, సహకార బ్యాంకుల పేర్లు పట్టి కూర్చున్నవారికి ఆ పేర్లు ఇక కొరగానివే.

ఏ సూచనలు చూడాలి?

డాట్ ఇన్ చరిత్రే కొంత ఆధారం ఇస్తుంది. 2005కు ముందు దేశం మొత్తం మీద డాట్ ఇన్ పేర్లు ఏడు వేల దరిదాపుల్లో ఉండేవి. ఆ ఏడాది ఫిబ్రవరిలో అందరికీ తలుపులు తీశారు. నేడవి నలభై లక్షల స్థాయికి చేరాయి. అంటే వాడుక పెరిగాకే విలువ పెరిగింది గాని, పట్టిపెట్టుకున్నవారి వల్ల కాదు. ఇదే కొలమానం తెలుగు పేర్లకు పెడితే మూడు సంగతులు గమనించాలి. గడువు తీరి రద్దయిన తెలుగు పేర్లను వేరొకరు వెంటనే పట్టుకుంటున్నారా? ఇప్పటికైతే చాలావరకు అలా ఖాళీగానే పడి ఉంటున్నాయి. అమ్ముడైన పేరు మీద ఆరు నెలల్లో నిజమైన వ్యాపారం కనిపిస్తోందా, లేక మళ్లీ 'అమ్మబడును' అన్న బోర్డే వేలాడుతోందా? ప్రభుత్వ దరఖాస్తులు, బ్యాంకు యాప్‌లు తెలుగు లిపి ఈమెయిలును స్వీకరిస్తున్నాయా? మూడోదానికి అవునన్న సమాధానం వచ్చేదాకా తెలుగు లిపి పేర్లలో మారుబేరం గురించి మాట్లాడటం తొందరపాటే. ఆంగ్ల అక్షరాల తెలుగు పేర్లకు మాత్రం మొదటి రెండు చాలు. పచ్చళ్లు, చేనేత, పెళ్లి సంబంధాల వంటి రంగాల్లో రెండు మూడేళ్లలో పరిమిత గిరాకీ ఏర్పడే వీలుంది.

కాగా, కొత్త తోకలకు దరఖాస్తుల స్వీకరణ 2026 ఏప్రిల్ 30 నుంచి చేపట్టేలా అంతర్జాతీయ నియంత్రణ సంస్థ ఐకాన్ షెడ్యూలు ఖరారు చేసింది. దరఖాస్తు రుసుమే 2,27,000 డాలర్లు. 2012 నాటి విడతలో వందలాది కొత్త తోకలు పుట్టుకొచ్చి, ఒక పదానికి ప్రత్యామ్నాయాలు పెరిగి, సాధారణ పేర్ల బేరం పడిపోయింది. ఈ విడతలోనూ కొత్తవి వచ్చే కొద్దీ కొనుగోలుదారుడికి ఎంపిక పెరుగుతుంది, అమ్మేవాడి పట్టు సడలుతుంది. తొలి ఏడాది తక్కువ ధరకు పేర్లు నమోదు చేసుకున్న వారందరికీ రెండో ఏడాది పూర్తి రుసుము చెల్లింపు సందేశాలు రానున్నాయి. వందలో ఏ ఇరవై ఉంచుకోవాలో, ఏ ఎనభై వదులుకోవాలో గడువు తేదీకి ముందే వారు తేల్చుకోవలసి ఉంది. చాలా సంస్థల్లో రుసుము దానంతట అదే కార్డు నుంచి తీసుకునే ఏర్పాటు ముందుగానే ఆన్ చేసి ఉంటుంది. దానిని ఖాతాదారుడే స్వయంగా ఆపుకోవాలి.